ఎడమ చేత్తో ఆడిన నాన్న

ఫిజియోథెరపీ చదువు పూర్తిచేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వస్తుంటారు. నేను రిటైరై రెండేళ్ళు దాటింది. అయినా ఏదో ఒక కేసు పట్టుకుని వచ్చి సలహా అడుగుతారు, కాఫీ తాగుతారు, వెళ్ళేముందు మాత్రం అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. మీ సర్వీసులో మీరు బాగుచేసిన పెద్ద కేసు ఏదండీ అని. బాగుచేసినవి చెబితే పావుగంటలో అయిపోతాయి. నేను చెయ్యలేక చేతులెత్తేస్తే, నా గదిలోనే ఇంకొకరు చేసి చూపించిన కేసు ఒకటుంది. నేను చెప్పదలుచుకున్నది అదే. మీలో పిల్లలున్నవాళ్ళు కొంచెం ఎక్కువ శ్రద్ధగా వినండి.

నేను పనిచేసింది ఏలూరులో ఒక ఆస్పత్రిలో. రోజూ రైల్లో వెళ్ళి రావడం. వరండా చివర పెద్ద గది నాది. రెండు మంచాలు, గోడకి చేత్తో తిప్పే చక్రం, కప్పుకి తాళ్ళు, ఇంతే సరంజామా. నాతోపాటు ఒక ఆయమ్మ ఉండేవారు. పెదపాడు దగ్గర పల్లెటూరు ఆవిడది. నాకంటే పదేళ్ళు పెద్ద. పేషెంట్ల పేర్లు నేను రిజిస్టర్ చూసి పిలిస్తే, ఆవిడ మొహం చూసి పిలిచేవారు. నేను క్రమశిక్షణ మనిషిని. పిల్లలు చక్రం పట్టుకుని ఊగుతున్నారని, గదిలో ఆటలాడరాదు అని పెద్దక్షరాలతో రాయించి గోడకి తగిలించినదాన్ని నేనే.

ఓ వర్షాకాలం, కొల్లేరు లోపలి ఊరి నుంచి ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చారు. ఆయన చేపల చెరువుకి కాపలా ఉంటారు. పిల్లకి ఆరేళ్ళు. వేడి పెనం మీద కుడి అరచెయ్యి ఆనించేసింది. పుండు మానింది గానీ, మానేటప్పుడు చర్మం దగ్గరికి లాగేసి వేళ్ళన్నీ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. లోపల ఏదో దాచుకుని ఎవరికీ చూపించనంటున్నట్టు ఉండేది ఆ పిడికిలి. ఇంట్లో భార్యకి కాన్పయి నెలే అయిందట, అందుకని రోజూ ఆయనే తీసుకొస్తానన్నారు. గట్టు మీద నడిచి, ఆటో ఎక్కి, బస్సు మారి ఏలూరు చేరేసరికి పదయ్యేది. ఒక్కరోజు కూడా మానలేదు.

నా పని ఆ వేళ్ళు తెరవడం. నూనె రాసి, ఒక్కో వేలూ పట్టుకుని, మెల్లగా వెనక్కి తియ్యాలి. తీసినంతమేరా అక్కడ కాసేపు ఆపాలి. చెప్పడానికి రెండు ముక్కలే. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి తగలకముందే ఏడుపు మొదలుపెట్టేది. వరండాలో నా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చెయ్యి ఒళ్ళోకి లాక్కునేది. నేను తెరుస్తుంటే తను ముడిచేది. నాకు ఎంత బలముందో దానికీ అంత బలముంది. తండ్రి గోడవైపు తిరిగి నిలబడేవారు. మీరు బయట కూర్చోండి, మీరుంటే ఇంకా ఎక్కువ ఏడుస్తుంది అని ఆయన్ని పంపించేశాను. పంపించాక కూడా అంతే ఏడ్చింది.

రెండో వారంలో ఒకరోజు ఆయమ్మ ఆస్పత్రి తోటలోంచి అయిదు నున్నటి రాళ్ళు ఏరి తెచ్చి, పిల్ల ముందు పెట్టారు. అచ్చంగాయలు ఆడిద్దామండి మేడమ్ గారూ, ఆ ఆటలో చెయ్యి తెరవక తప్పదు కదండి అన్నారు. నాకు చిరాకేసింది. అవతల ఆరుగురు పేషెంట్లు వరండాలో కూర్చుని ఉన్నారు. ఇది ఆస్పత్రండీ, మీ ఇంటి అరుగు కాదు అని, ఆ రాళ్ళు తీసి కిటికీలోంచి పారేశాను. ఆవిడ పక్క మంచం దుప్పటి సర్దడానికి వెళ్ళిపోయారు.

మూడో వారం చివర సర్జన్ గారు చూశారు. వేళ్ళు వచ్చినరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇంకో పది రోజులు చూద్దాం, అప్పటికీ ఇంతే అయితే ఆపరేషన్ చేసి ఆ చర్మం విడదియ్యాల్సిందే, చేసినా పూర్తిగా వస్తుందని చెప్పలేం అన్నారు. చిన్నపిల్ల, కుడిచెయ్యి. పలక మీద అక్షరాలు అప్పుడప్పుడే దిద్దుతున్న చెయ్యి. ఆ మాట విని తండ్రి వరండాలో బల్లమీద కూర్చుండిపోయారు. ధైర్యం చెబుదామని పక్కన కూర్చున్నాను. ఆయన నాకేసి చూడకుండా చెప్పారు.

"ఆ రోజు మధ్యాన్నం నాకు పనేం లేదండి. పాకలో పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను. నాన్నా, ఆడుకుందాం రా అని వచ్చింది. పొమ్మన్నాను. మళ్ళీ వచ్చింది. పోయి మీ అమ్మ దగ్గర ఆడుకో అని కసిరానండి. వాళ్ళమ్మ అట్లు పోస్తోంది. నేల తడిగా ఉందండి..."

మొహం తుడుచుకుని, ఆయమ్మగారు చెప్పిన ఆట నేను దాంతో ఆడొచ్చాండి అని అడిగారు. అది ఆడితే పోయే జబ్బు కాదండీ అన్నాను నేను. నా మాటలన్నిటిలోకీ ఇప్పటికీ సిగ్గుపడే మాట అది.

మర్నాడు నేనెక్కిన బండిని భీమడోలులో ఆపేశారు. ముందు ఏదో గూడ్సు చెడిపోయిందన్నారు. గంటకి పైగా అక్కడే. ఆస్పత్రికి చేరి వరండాలో గబగబా నడుస్తుంటే నా గదిలోంచి నవ్వు వినబడింది. చిన్నపిల్ల నవ్వు. ఎవరో కొత్త పేషెంటు అనుకున్నాను. ఎందుకంటే ఆ పిల్ల ఏడుపు తప్ప గొంతు నేనెప్పుడూ వినలేదు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలికి చూసి అక్కడే ఆగిపోయాను.

ముగ్గురూ నేలమీద ఉన్నారు. ఆయమ్మ గోడకి ఆనుకుని కూర్చుని తీర్పు చెబుతున్నారు. తండ్రి, అంత పొడుగు మనిషి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి గొంతుక్కూర్చున్నారు. ఎదురుగా పిల్ల. మధ్యలో అయిదు రాళ్ళు. అచ్చంగాయలు మీలో చాలామంది చూసే ఉంటారు. రాళ్ళు పైకెగరేసి, చెయ్యి తిరగేసి, మునివేళ్ళు చాపి చేతి వెనకభాగం మీద పట్టాలి. పట్టినవాటిని మళ్ళీ ఎగరేసి గుప్పిట్లో అందుకోవాలి. తెరవాలి, ముయ్యాలి. మళ్ళీ తెరవాలి, మళ్ళీ ముయ్యాలి. మూడు వారాలుగా నేను బతిమాలి, గదమాయించి చేయించలేకపోయింది సరిగ్గా అదే.

ఆయన ఎడమ చేత్తో ఆడుతున్నారు. తర్వాత ఆయమ్మ చెప్పారు, ఆ షరతు ఆయనే పెట్టారట. నువ్వు నీ రాని చేత్తో ఆడు, నేను నా రాని చేత్తో ఆడతాను, అప్పుడు ఇద్దరం సమానం అన్నారట. తాళ్ళు లాగీ వలలు మోసీ బండబారిన చెయ్యది. పైగా ఎడమది. ఎగరేసిన రాయి ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. ఆయన పాక్కుంటూ మంచం కిందికి దూరి, రాయితో పాటు నెత్తిన బూజు కూడా పట్టుకొచ్చారు. ఆయన వేషం కాదది, నిజంగానే చేతకావడం లేదు. పిల్ల పడీపడీ నవ్వుతోంది. నాన్నకి రాని పని ఒకటి ఉందని ఆ రోజే తెలిసినట్టుంది దానికి.

తర్వాత దాని వంతు వచ్చింది. పిడికిట్లోనే రెండు రాళ్ళు ఇరికించుకుని ఎగరేసింది. అవి కిందికి వస్తున్నాయి. చెయ్యి తిరగేసింది. ఆ చేతికి తెరుచుకో అని ఎవరూ చెప్పలేదు. రాళ్ళు వస్తున్నాయి, వాటికి చోటు కావాలి, అంతే. వేళ్ళు లేచాయి. మొదట చూపుడువేలు, దాని వెనకే మధ్యవేలు, ఉంగరంవేలు. తామర రేకులు విచ్చుకున్నట్టు అని చెప్పాలనిపిస్తుంది గానీ అలా లేదండీ. వణుకుతూ, ఎగుడుదిగుడుగా, బలవంతాన తలుపు తోసినట్టు లేచాయి. ఒక రాయి జారిపోయింది. ఒకటి ఆ చేతిమీద నిలిచింది. చర్మం తెల్లగా సాగింది. నొప్పి పుట్టే ఉంటుంది. దాని కళ్ళు మాత్రం ఆ రాయి మీద ఉన్నాయి.

అప్పటికి పాతికేళ్ళకి పైగా మనుషుల చేతులూ కాళ్ళూ చూస్తున్నాను. కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ నరం దేన్ని కదుపుతుందో నాకు తెలుసు. అయినా ఆ గుమ్మంలో నిలబడి, అసలు చెయ్యి అంటే ఏమిటో మొదటిసారి చూస్తున్నదానిలా చూశాను. లోపలికి వెళ్ళాలంటే భయమేసింది. నేను అడుగుపెడితే నా చెప్పుల చప్పుడు వింటుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేసి, ఆట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆట అయ్యాక కొలిచాను. ముందురోజుకీ ఆరోజుకీ తేడా స్కేలు అవసరం లేకుండా కంటికి తెలిసిపోతోంది. గోడమీద బోర్డు నేనే దింపేశాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక బీరువా వెనక్కి తోస్తుంటే ఆయమ్మ వచ్చి రెండో పక్క పట్టుకున్నారు. మీరు విసిరేసినవి పోతే పోయాయి, ఇవి వేరే రాళ్ళండి అని మాత్రం అన్నారు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే నా గురించి మీకు మంచి అభిప్రాయమే ఉండేది. కానీ ఆ సాయంత్రం రైల్లో కూర్చుని నేనొక చార్టు తయారుచేశాను. అచ్చంగాయలు, పూటకి ఇరవై నిమిషాలు, రోజుకి మూడు పూటలు. ఎన్ని రాళ్ళు పట్టింది, ఎన్ని జారాయి, ఒక్కోదానికీ ఒక గడి. మర్నాడు ఆ చార్టు, ఒక గడియారం పట్టుకుని వాళ్ళ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఊఁ, మొదలుపెట్టమ్మా అన్నాను. పిల్ల ఒకసారి వేసింది. రెండోసారి వేసింది. నేను రాసుకోవడం చూసింది. రాళ్ళు కింద పెట్టేసి చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. ఆ రోజు గానీ తర్వాతి రోజు గానీ మళ్ళీ వాటిని ముట్టలేదు.

సర్జన్ గారిచ్చిన పది రోజుల్లో అలా మూడు గడిచిపోయాయి. నాలుగో రోజు తండ్రి చాలాసేపు తటపటాయించి నాతో ఒక మాట అన్నారు.

"మేడమ్ గారండీ, తప్పుగా అనుకోకండి. మీరు రాస్తుంటే అది ఆట అవ్వడం లేదండి. మీరు కూడా వచ్చి కూర్చోండి, ఓడిపోదురు గాని."

మా గదిలో నాకు ఎవరూ అలా చెప్పలేదు. నేను చార్టు మడిచి పర్సులో పెట్టి, నేలమీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. చిన్నప్పుడు ఈ ఆటలో మా వీధిలో నన్ను కొట్టినవాళ్ళు లేరు. అది ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు. మొదటిసారి వేస్తే అయిదు రాళ్ళూ చుట్టూ పడ్డాయి, ఒకటీ చేతి మీద నిలవలేదు. పిల్ల వాటిని ఏరి నా ముందు పెట్టి, గొంతు తగ్గించి, మీరు మరీ పైకి ఎగరేస్తున్నారండి, కొంచెం కిందగా వెయ్యండి అని నేర్పింది. నాతో అది మాట్లాడిన మొదటి మాట. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన గుమ్మంలోకి కుర్చీ జరుపుకుని, ఆ పాపే గెలుస్తుంది చూడండి అని పందెం కాసినంత గట్టిగా చెప్పారు.

పదో రోజు సర్జన్ గారు ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. ఏం చేశారండీ అని అడిగారు. ఓడిపోయామండీ, రోజూ, ముగ్గురం అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆపరేషన్ మాత్రం వాయిదా వేశారు. ఆటతోనే అంతా జరిగిపోయిందని మీకు చెప్పను. నూనె మర్దనా ఉంది, రాత్రిపూట వేళ్ళు వంగకుండా కట్టే పట్టీ ఉంది. కానీ ఆ తర్వాత నేను వేళ్ళు పట్టుకున్నప్పుడు అది లాక్కోలేదు. నాతో ఆడిన మనిషిని కదా.

ఇలా రెండు నెలలు నడిచింది. సరే, గట్టెక్కాం అనుకుంటుండగా, ఒక సోమవారం వాళ్ళు రాలేదు. మంగళవారం రాలేదు. ఫోన్ చేస్తే మోగడం లేదు. ఆ వారమంతా రాలేదు. అలాంటి చెయ్యిని సగంలో వదిలేస్తే మళ్ళీ ముడుచుకుంటుంది, రెండోసారి తెరవడం ఇంకా కష్టం. ఆదివారం నేనూ ఆయమ్మా కలిసి బయల్దేరాం. కైకలూరు బస్సెక్కి, దారిలో దిగి, ఆటో మాట్లాడుకుని, చివర చెరువు గట్టు మీద మైలు దూరం నడిచాం. ఒక పక్క చెరువులు, ఇంకో పక్క కొల్లేరు నీళ్ళు. వానలకి గట్టంతా బురద. ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపించారు.

వాళ్ళ చెరువు దగ్గర జనం కనబడ్డారు. ఏదో జరగరానిది జరిగిందనుకున్నాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, ఆ రోజు చెరువు పట్టుబడి. తెల్లవారుజాము నుంచి వలలు లాగి చేపలు పట్టారు. ఐసు లారీ దారిలో దిగబడిపోయింది, అది వచ్చేదాకా చేసేదేమీ లేదు. వారం రోజులుగా ఆ పట్టుబడి హడావిడిలో ఆయనకి కదలడానికి వీల్లేకపోయింది. ఫోన్ నీళ్ళలో పడిపోయిందట. మీకు కబురు పంపలేకపోయానండి అంటూ నడుముదాకా బురదతో ఎదురొచ్చారు.

పాప ఏదండీ అన్నాను. ఆయన చేత్తో చూపించారు.

గట్టు మీద టార్పాలిన్ పరిచి ఉంది. దాని చుట్టూ పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. వలలు లాగే మగవాళ్ళు, చేపలు వేరుచేసే ఆడవాళ్ళు, మీసాలు నెరిసినవాళ్ళు. మధ్యలో ఆ పిల్ల. అచ్చంగాయలు ఆడుతున్నారు. ఒంటినిండా బురద, చేపల పొలుసులు చేతులకి అంటుకుని మెరుస్తున్నాయి. తెల్లారకముందు నుంచి నడుములు విరిగేలా పనిచేసిన మనుషులు వాళ్ళు. లారీ వచ్చేదాకా పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు మాత్రం రాయి కదిలిందా కదల్లేదా అని వాదించుకుంటున్నారు. ఒకాయన కదల్లేదని ఒట్టేస్తున్నారు. పక్కనే పిల్ల తల్లి, ఒళ్ళో పసిబిడ్డ నిద్రపోతుండగా, ఒంటిచేత్తో అయిదు రాళ్ళూ ఎగరేసి అయిదూ పట్టేశారు. ఆవిడ ముందు అక్కడ ఎవరూ ఆగడం లేదు.

నేను పలకరిస్తే ఆవిడ లేవబోయారు. కూర్చోమన్నాను. ఎప్పుడు నేర్చుకున్నారండీ ఇంత బాగా అని అడిగితే, నవ్వి చెప్పారు.

"పెళ్ళికి ముందు రోజూ ఆడేదాన్నండి. ఈయన ఆస్పత్రి నుంచి వచ్చి రాళ్ళు ముందు పెట్టేదాకా, నాకీ ఆట వచ్చన్న సంగతే మర్చిపోయానండి."

తండ్రి బురద కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తన వంతు రాగానే ఎడమ చేత్తో వేశారు. మూడు నిలిచాయి. అక్కడెవరికీ అది వింతగా లేదు. ఆ ఇంట్లో ఆయన ఎడమ చేత్తో ఆడటం రివాజైపోయింది. ఆయన కళ్ళల్లో వరండా బల్లమీద నేను చూసిన మనిషి ఎక్కడా లేడు. ఆ మధ్యాహ్నం ఎలా జరిగిందో అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. కానీ దాని తర్వాత వచ్చిన ప్రతి మధ్యాహ్నాన్నీ ఆయన ఆ పిల్ల ఎదురుగా నేలమీద కూర్చుని గడిపారు.

పిల్ల నన్ను చూసి లేచి వచ్చింది. చెయ్యి చూపించమ్మా అని నేను ఇంకా అడగనేలేదు. తనంతట తానే వచ్చి, కుడిచెయ్యి తెచ్చి నా అరచేతిలో పరిచింది. నాలుగు వేళ్ళు పూర్తిగా ఆనాయి. చిటికెనవేలు కొంచెం వంకర ఉండిపోయింది, అది ఇప్పటికీ ఉంది. ఆ చెయ్యి వెచ్చగా, చేపల వాసనతో, నా చేతిలో సగం ఉంది. మా తలలమీంచి గూడబాతులు రెక్కలు కదపకుండా కొల్లేరు వైపు దిగుతున్నాయి. ఆయమ్మ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను చెయ్యి కదిపితే ఆ పిల్ల తీసేస్తుందేమోనని కదపకుండా నిలబడ్డాను. లారీ హారన్ వినబడింది. అందరూ లేచారు. ఆటలో ఎవరు గెలిచారో తేలనే లేదు.

తిరుగు ప్రయాణంలో ఆయమ్మ బస్సులో నిద్రపోయారు. నాకు మా అమ్మాయి గుర్తొచ్చింది. అప్పటికి పదో తరగతి. మా ఆయనా నేనూ ఉద్యోగాలకి పోయి వచ్చి, వంటా బట్టలూ హోంవర్కూ అంటూ దాన్ని ఎంతో జాగ్రత్తగా పెంచామనుకున్నాం. జ్వరమొస్తే ఏ మాత్ర వెయ్యాలో నాకు తెలుసు. దానికి ఏ ఆటంటే ఇష్టమో బస్సు ఏలూరు చేరేదాకా ఆలోచించినా గుర్తు రాలేదు. అది అడగలేదా, అడిగి అడిగి మానేసిందా? పిల్ల చెయ్యి కాలిన రోజు పాకలో ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. నా చేతిలో ఎప్పుడూ గరిటో పెన్నో ఉండేది. అది ఫోన్ కంటే గౌరవమైన వస్తువు గనక నన్నెవరూ తప్పుపట్టలేదు, అంతే తేడా.

ఇంటికి వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మాయి పుస్తకాల ముందు కూర్చుని ఉంది. కాళ్ళు కడుక్కుని వచ్చి, దాని పక్కన నేలమీద కూర్చుని, ఏదైనా ఆడుకుందామా అన్నాను. అది భయపడిపోయింది. ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా, నాన్నకి ఫోన్ చెయ్యనా అంది. ఏమీ కాలేదు, ఊరికే ఆడాలనుంది అన్నాను. చాలాసేపు నా మొహం చూసి, మంచం కిందనుంచి ఒక పాత అష్టాచమ్మా అట్ట తీసింది. ఆ అట్ట మా ఇంట్లో ఉందని నాకు తెలియదు. ఎవరితో ఆడేదానివే అంటే, రెండు పక్కలా నేనే ఆడేదాన్ని అంది.

అయిదు నిమిషాలే, రేపు స్లిప్ టెస్టుంది అని మొదలుపెట్టింది. అన్నం వండటం ఆలస్యమైంది. వాళ్ళ నాన్న వచ్చి, మమ్మల్ని చూసి, చొక్కా కూడా మార్చుకోకుండా మూడో పక్క కూర్చున్నారు. ఆ పూట ఇద్దరినీ చిత్తుగా ఓడించింది.

పొద్దున్నే నేను స్టేషన్‌కి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, సాయంత్రం ఏ బండికి వస్తావమ్మా అని అడిగింది. అన్నేళ్ళు రోజూ ఆ గుమ్మం దాటాను. అది నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ప్యాసింజర్‌కి వస్తానన్నాను. ఆ సాయంత్రం దానికంటే ముందు బండే పట్టుకున్నాను.